కొండమ్మ ఒప్పుకున్న గోంగూర

మా నాన్న రిపోర్టు మెషిన్‌లోంచి బయటికి రాగానే నేను చేసిన మొదటి పని, మా అమ్మకి ఫోన్ చేసి తిట్టడం.

"గోంగూర పెట్టావా?" అన్నాను. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు.

"ఏ గోంగూరే?" అంది అమ్మ.

"నాన్నకి. పెట్టావా లేదా?"

"అయ్యో, ఆ మాత్రలు మొదలెట్టిన కాడ్నించీ ఆయన్ని ఆకుకూర ముట్టనిస్తన్నానా నేను? పప్పులో తోటకూర కూడా ఎయ్యట్లా."

"మరి నంబరెందుకు పడిపోయింది? గాలికి పడిపోయిందా?"

అమ్మ ఏదో అనబోయింది. నేను పెట్టేశాను. ఫోన్ పెట్టేయడం నాకు బాగా అలవాటు. ఎదుటి మనిషి మాట పూర్తిచేసేదాకా ఆగడం నా వల్ల కాదు. "నీకు ఏదైనా చెప్పాలంటే చివరి మాట ముందు చెప్పేయాలి," అంటుంటాడు మా ఆయన రాజ్ కుమార్. అలా అన్నప్పుడల్లా ఆయన మీదా అరిచేదాన్ని.

నా పేరు జెన్నిఫర్. రేపల్లెలో చిన్న ల్యాబ్ నడుపుతాను. అమ్మ కొండమ్మ, నాన్న జకరయ్య చెరుకుపల్లిలో ఉంటారు. నాన్న మండలాఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ మోకాళ్ళు సహకరించినంత కాలం నాట్లకీ కోతలకీ వెళ్ళింది. కొన్నేళ్ళ కిందట నాన్న గుండెకి ఆపరేషన్ చేసి వాల్వు మార్చారు. లోహపు వాల్వు. దాని మీద రక్తం గడ్డ కట్టిందంటే మనిషి దక్కడు. అందుకని రోజూ రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. మాత్ర చాలకపోతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం కారడం మొదలై ఆగదు. ఈ రెండింటి మధ్యా ఆయన్ని నిలబెట్టేది ఒక్క నంబరు. ఆ నంబరు తీసేది నేను.

ఆ పరీక్షలో పెద్ద మాయేం లేదు. రక్తంలో ప్రోత్రాంబిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. గడ్డకట్టే పనిలో అదొక ముఖ్యమైన చెయ్యి. రక్తం పైన తేరిన పచ్చటి నీళ్ళు తీసి, కిట్‌లో వచ్చే మందు కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డ కడుతుందో చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పట్టే సెకన్లతో పోల్చి మెషిన్ లెక్క కట్టి ఒక నంబరు ఇస్తుంది. దాన్నే ఐ.ఎన్.ఆర్. అంటారు. మా నాన్నకి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. ఎప్పుడూ అలాగే ఉండేది. ఆ రోజు మాత్రం ఒకటి పాయింట్ ఆరు వచ్చింది.

ఆకుకూరల్లో ఉండే కె విటమిన్ ఈ మాత్రకి విరుగుడు. గోంగూర, తోటకూర లాంటివి ఎక్కువ తింటే మాత్ర పనిచేయదు. మా అమ్మకేమో పెరటి నిండా గోంగూర. ఇంకేం కావాలి నాకు? నేరం ఎవరిదో తేలిపోయింది.

తెనాలిలో నాన్నని చూసే గుండె డాక్టరు గారికి రిపోర్టు వాట్సాప్‌లో పంపాను. ఆయన ఫోన్ చేసి, "ఆకుకూరలేమైనా తింటున్నారా అమ్మా?" అని అడిగారు.

"తింటున్నారండి. మా అమ్మ మాట వినదండి," అన్నాను.

ఆయన మాత్ర కొంచెం పెంచారు.

తర్వాతి వారం మళ్ళీ రక్తం తీశాను. రెండు వచ్చింది. మాత్ర పెంచినా రెండేనా! ఒళ్ళు మండిపోయింది. స్కూటీ వేసుకుని చెరుకుపల్లి వెళ్ళాను. అమ్మ, ఎదురింటి కమలమ్మత్తతో కలిసి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కమలమ్మత్త మా చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఆవిడ చెవిలో ఏదైనా పడితే ఊరంతా పడ్డట్టే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నోరు విప్పాను.

"ఎన్నాళ్ళు అబద్ధాలు చెప్తావమ్మా? నాన్నని చంపుకుతినాలనుందా నీకు?"

అమ్మ చేతిలోని చింతపండు అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. "దేవుడి తోడే జెన్నీ, నేను పెట్టలా."

"దేవుడి పేరెత్తమాక కొండమ్మా," అంది కమలమ్మత్త. "అమ్మాయి మెషిన్‌లో చూసి చెప్తంది. మెషిన్‌కేం పగ నీ మీద?"

నేను పెరట్లోకి నడిచాను. గోంగూర మొక్కలు నడుమెత్తున ఉన్నాయి, లేత చిగుళ్ళతో. ఒక్కొక్కటీ వేళ్ళతో సహా పీకి గోడవతల పారేశాను. అరచేతులు మండాయి. నాన్న గుమ్మంలో నిలబడి, "మీ అమ్మ పెట్టలేదురా నాన్నా, నా మాట ఇను," అన్నాడు.

"నువ్వూరుకో. వండిపెట్టే మనిషిని వెనకేసుకురాక ఏం చేస్తావు?" అన్నాను.

ఆటో పిలిచి నాన్నని మా ఇంటికి తీసుకెళ్ళిపోతున్నానని చెప్పాను. అమ్మ గబగబా ఆయన లుంగీలు, మాత్రల డబ్బా సంచీలో పెట్టి తెచ్చింది. చెప్పులు కూడా వేసుకుంది.

"నేనూ వస్తానే," అంది.

"నువ్వొస్తే నీ గోంగూరా వస్తుంది," అన్నాను.

కమలమ్మత్త కిసుక్కున నవ్వింది. అమ్మ చెప్పులు విప్పేసింది. ఇప్పుడీ మాట రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది. అప్పుడు మాత్రం, భలే అన్నాను అనుకున్నాను.

డాక్టరు గారు మాత్ర ఇంకోసారి పెంచారు. నాన్న మా ఇంట్లో ముభావంగా ఉండేవాడు. పెట్టింది తినేవాడు, టీవీ పెడితే చూసేవాడు. రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది. "తిన్నాడా? నిద్రపోయాడా? ఎప్పుడు పంపిస్తావే?" నాది ఒకటే జవాబు. "నువ్వు నిజం ఒప్పుకున్నాక."

ఆ శనివారం కమలమ్మత్త ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది.

"జెన్నీ, మీ అమ్మ ఇయ్యాల మన స్త్రీల సమాజం కూటంలో లేచి ఒప్పేసుకుందే. 'నేనే మా ఆయనకి గోంగూర పెట్టాను, అబద్ధమాడాను, నాకోసం ప్రార్థన చెయ్యండి' అంది. పాస్టరమ్మ గారు తల మీద చెయ్యేసి ప్రార్థన చేశారు. అందరం ఏడిచాంలే."

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నానుగా అత్తా?" అన్నాను. గెలిచినట్టుగా ఉంది నాకు. నాన్నకి చెబితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి అమ్మ ఫోన్ వచ్చింది.

"ఒప్పుకున్నానుగా. ఇంక పంపియ్యవే."

"నంబరు రానీ, చూద్దాం," అన్నాను.

నంబరు వచ్చింది. రెండు పాయింట్ ఆరు. చూశారా! మాత్ర పెంచితే రానిది, అమ్మ వంట మాన్పిస్తే వచ్చింది. ల్యాబ్‌లో అందరికీ చూపించాను. డాక్టరు గారికి పంపితే, ఇదే మాత్ర కొనసాగించమన్నారు. అమ్మకి ఫోన్ చేసి, "నీ చేతి కూడు మానేసరికి ఎలా వచ్చిందో చూశావా? ఆదివారం పంపిస్తాలే," అన్నాను. అమ్మ "మంచిదమ్మా" అంది.

ఆ ఆదివారం రానేలేదు. శుక్రవారం పొద్దున నాన్న పళ్ళు తోముకుంటుంటే సింకు ఎర్రబడింది. చిగుళ్ళ నుంచి మొదలై ముక్కు నుంచి కూడా కారడం మొదలుపెట్టింది. తువ్వాలు అడ్డం పెడితే తడిసిపోయింది, ఇంకోటి పెడితే అదీ తడిసింది. కారు మాట్లాడుకుని తెనాలి పరిగెత్తాం. దారి పొడుగునా నాన్న తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా చీర కుచ్చిళ్ళు నెత్తురు ఎండి బిరుసెక్కాయి.

ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం తీశారు. గంటలో డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "ఐ.ఎన్.ఆర్. ఆరు పాయింట్ ఎనిమిది ఉందమ్మా. మీరేమో రెండు పాయింట్ ఆరని పంపారు."

"ఛాన్సే లేదండి," అన్నాను. "మీ ల్యాబ్‌ది తప్పు."

ఆ ఆసుపత్రివాళ్ళు ఈ పరీక్షలు శశిధర్ దగ్గరికి పంపుతారు. శశిధర్ ఎవరో చెప్పాలి. శశిధర్, అజయ్ బాబు, నేను గుంటూరులో కలిసి ల్యాబ్ కోర్సు చదివాం. శశిధర్‌ది తెనాలిలో పెద్ద ల్యాబ్. అజయ్ బాబుది బాపట్లలో. ఈ కిట్‌లో సీసాలు పది పదిహేను ఉంటాయి. మా లాంటి చిన్న ల్యాబుల్లో అవి అయ్యేలోపే గడువు దాటిపోతుంది. అందుకని శశిధర్ ఒక పెట్టె తెప్పిస్తాడు, సీసాలు ముగ్గురం పంచుకుంటాం. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ఐసు, పై గిన్నెలో సీసాలు పెట్టి రేపల్లె రైల్లో తెలిసినవాళ్ళ చేతికిస్తాడు. నేను స్టేషన్‌కెళ్ళి తెచ్చుకుంటాను. బాపట్లకీ అలాగే వెళ్తుంది. పెట్టె, పెట్టెలోని కాగితం మాత్రం తెనాలిలోనే ఉండిపోతాయి. ఏళ్ళ తరబడి ఒకే కంపెనీ కిట్. కాగితంతో మాకేం పని?

శశిధర్ ల్యాబ్‌లోకి తుపానులా వెళ్ళాను. కౌంటరు దగ్గర పేషెంట్లు కూర్చుని ఉన్నారు. నాకు ఆ ధ్యాసే లేదు.

"ఏంటి శశీ ఇది? మా నాన్నకి ఆరు పాయింట్ ఎనిమిదా? నీ మెషిన్‌కి పిచ్చెక్కిందా, నీకెక్కిందా?"

శశిధర్ నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు. "రెండుసార్లు చేశాను జెన్నీ. అదే వచ్చింది. మన ముగ్గురి దగ్గరా ఉన్నవి ఒకే పెట్టెలో సీసాలు కదా, ఒక పని చేద్దాం. ఆయన రక్తమే మూడు భాగాలు చేసి మూడు చోట్లా పెడదాం. ఎవరిది తప్పో తెలిసిపోద్ది."

"చెయ్యి! నాకేం భయం?" అన్నాను.

రక్తం ఆగడానికి నాన్నకి సూది వేయకముందు తీసిన రక్తం అది. పైన తేరిన నీళ్ళని మూడు చిన్న ట్యూబుల్లో పోశాడు. ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. ఒకటి బాపట్లకి తన మనిషికిచ్చి రైలెక్కించాడు. మూడోది నేనే తీసుకున్నాను. నాన్న మంచం మీద అలా ఉంటే, నేనే ఒప్పని నిరూపించుకోవడానికి రేపల్లె రైలెక్కడానికి సిద్ధపడ్డాను. అంత పొగరు నాది.

బయల్దేరే ముందు వార్డు దగ్గరికి వెళ్తే అమ్మ కనపడింది. మా ఆయన ఫోన్ చేస్తే చెరుకుపల్లి నుంచి బస్సులో వచ్చేసింది. లోపలికి వెళ్ళలేదు. తలుపు బయట గోడకి ఆనుకుని నిలబడి, కిటికీ చువ్వల్లోంచి నాన్నని చూస్తోంది. నేను తిడతానని.

"లోపలికెళ్ళి కూర్చో," అన్నాను. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "కానీ ఏమీ పెట్టమాక."

అమ్మ తల ఊపింది.

రేపల్లెలో దిగి నేరుగా ల్యాబ్‌కెళ్ళాను. పచ్చటి నీళ్ళలో మందు కలిపి మెషిన్‌లో పెట్టాను. రెండు పాయింట్ ఆరు. అచ్చం ముందు వచ్చినట్టే! శశిధర్‌కి ఫోన్ చేశాను. అజయ్ బాబుని కూడా లైన్లోకి తీసుకున్నాడు.

"రెండు పాయింట్ ఆరు," అన్నాను. "విన్నావా? ఇప్పుడేమంటావు?"

"సెకన్లెన్ని?" అన్నాడు శశిధర్.

"ముప్ఫై నాలుగు."

"నాకూ ముప్ఫై నాలుగే. అజయ్, నీకు?"

"ముప్ఫై నాలుగే అన్నా. ఐ.ఎన్.ఆర్. ఆరు పాయింట్ ఎనిమిది."

ముగ్గురికీ సెకన్లు ఒకటే, నంబరు మాత్రం నా ఒక్కదానికే వేరు.

"జెన్నీ," శశిధర్ గొంతు తగ్గించాడు. "మెషిన్‌లో కిట్ విలువ ఎంత పెట్టి ఉంది?"

"ఒకటి. ఎప్పుడూ ఉండేదే."

"ఇది ఆ కంపెనీది కాదు. డీలరు దగ్గర అది లేదంటే వేరేది తెచ్చా. దీనికి రెండు పెట్టాలి."

అన్ని కంపెనీల మందూ ఒకలా ఉండదు. కొన్ని చురుగ్గా ఉంటాయి, కొన్ని మొద్దుగా. రక్తం ఎంత పలచబడినా మొద్దు మందులో సెకన్లు పెద్దగా పెరగవు. అందుకే ప్రతి పెట్టె కాగితం మీదా ఆ మందు ఎంత మొద్దుదో ఒక విలువ ఇస్తారు. దాన్ని మెషిన్‌లో పెడితే లెక్క సరిచేస్తుంది. ఏ ఊళ్ళో, ఏ కిట్‌తో చేసినా ఒకే జవాబు రావాలనే ఆ ఏర్పాటు. రెండు అంటే, నా మెషిన్ ఇచ్చిన నంబరుని మళ్ళీ అదే నంబరుతో గుణించాలి. కొత్త సీసాలు రాగానే నా రక్తం పెట్టి చూసుకున్నాను, ఒకటి వచ్చింది, బాగానే ఉందనుకున్నాను. ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే. మందులేసుకోని మనిషి రక్తంలో ఈ తప్పు దొరకదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"చెప్పడానికే ఫోన్ చేశా. సీసాలు లేటయ్యాయని నన్ను తిట్టి, రైలొచ్చింది, సోది ఆపు, అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలా. నేనూ వదిలేశా. మెసేజన్నా పెట్టాల్సింది. నాదీ తప్పే జెన్నీ."

"నాకు ఫోన్లోనే చెప్పాడక్కా," అన్నాడు అజయ్ బాబు నెమ్మదిగా. "అప్పుడే మార్చుకున్నా."

ఈసారి ఫోన్ పెట్టేసింది వాళ్ళు. నేను స్టూలు మీద కూలబడి కాల్‌క్యులేటర్ తీశాను. రెండు పాయింట్ ఆరుని రెండు పాయింట్ ఆరుతో గుణిస్తే ఆరు పాయింట్ ఏడు పైచిలుకు. రెండుని రెండుతో గుణిస్తే నాలుగు. అంటే ఆ రోజుకే మాత్ర ఎక్కువైంది. ఇక మొట్టమొదటిది, ఒకటి పాయింట్ ఆరు. దాన్నీ గుణించాను. రెండున్నర.

మొదటి రోజు మా నాన్న నిక్షేపంలా ఉన్నాడు. అమ్మ గోంగూర పెట్టలేదు. పప్పులో తోటకూర కూడా వేయలేదు. ఆయన్ని అన్నేళ్ళూ ఆ రెండున్నరకీ మూడున్నరకీ మధ్య నిలబెట్టింది అమ్మ వంటే. అమ్మ తప్పుకి సాక్ష్యమని అందరికీ చూపించుకు తిరిగానే, ఆ రెండు పాయింట్ ఆరే నేను నాన్నని చావు దాకా తీసుకెళ్ళిన రిపోర్టు. ఛీ. నా మొహం అద్దంలో చూసుకోవడానికి కూడా సిగ్గేసింది. తల కొట్టేసినట్టయింది.

తెనాలి వెళ్ళి డాక్టరు గారికి చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఈ సీసాలతో ఇంకెవరెవరికి చేశారు? ముందు వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యండి," అన్నారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరికే చేశాను. "నా రిపోర్టు తప్పండి. మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించుకోండి." ఒక పెద్దాయన తిట్టాడు. ఒకావిడ, చెప్పినందుకు సంతోషమమ్మా అంది. ఆ తిట్టే నయం. అడవులదీవిలో ఒకాయన ఫోన్ ఎత్తకపోతే మా ఆయన బండి వేసుకుని వెళ్ళి, సముద్రంలోకి చేపల వేటకి పోబోతున్నవాణ్ణి ఆపి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. దేవుడి దయవల్ల ఎవరికీ మా నాన్నంత దూరం రాలేదు.

నాన్నకి ప్లాస్మా ఎక్కించారు, సూది వేశారు. ఆ సూదిలో మందేంటో తెలుసా? కె విటమిన్. గోంగూరలో ఉండేదే. సాయంత్రానికి రక్తం ఆగింది.

అప్పుడు అమ్మకి చెప్పాను. వార్డు బయట బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. కిట్లూ కంపెనీలూ ఎందుకు ఆవిడకి? "తప్పు నా మెషిన్‌దమ్మా," అన్నాను. మళ్ళీ నాకే రోతగా అనిపించింది. "మెషిన్‌ది కాదు, నాదే. నువ్వేం చెయ్యలేదు."

అమ్మ చాలాసేపు చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నా మీద అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను.

"ఈ సంగతి ఊళ్ళో అనమాక," అంది చివరికి.

"ఏంటమ్మా?"

"నీ ల్యాబుకి ఇంకెవరొస్తారే తెలిస్తే? నేనెటూ ఒప్పేసుకున్నాగా. నా మీదే ఉండనీ. ముసల్దాన్ని, నాకేం పోద్ది?"

ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. దాచుకోను. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, హమ్మయ్య అనిపించింది. అంతకుముందు పడ్డ సిగ్గంతా ఒకెత్తు, ఆ హమ్మయ్య ఒకెత్తు. మరి కూటంలో ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఏం వినాలో అని భయమేసింది.

నాన్నని చెరుకుపల్లిలో దించాక, వచ్చిన శనివారం స్త్రీల సమాజం కూటానికి వెళ్ళాను. అమ్మకి చెప్పలేదు. చెబితే రానివ్వదు. చర్చిలో చాపలు పరిచి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. అమ్మ వెనక వరసలో, స్తంభం పక్కన ఉంది. ముందు వరసలో కూర్చునే మనిషి, ఆ రోజు నుంచీ వెనక్కి వెళ్ళిందట. పాస్టరమ్మ గారు సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అనగానే లేచాను. అమ్మ నన్ను చూసి, వద్దని చెయ్యి ఊపింది.

"అందరికీ వందనాలు," అన్నాను. "మా అమ్మ మా నాన్నకి గోంగూర పెట్టలేదు. నేను పరీక్ష తప్పు చేశాను. కొత్త కిట్ వస్తే లెక్క మార్చుకోలేదు. మార్చుకోమని చెప్పబోతే వినలేదు. నా తప్పుడు రిపోర్టు చూసి డాక్టరు గారు మాత్ర పెంచారు. మా నాన్న చావు దాకా వెళ్ళొచ్చింది నా వల్లే. మీ అందరి ముందూ మా అమ్మని దోషిని చేశాను."

పాస్టరమ్మ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కమలమ్మత్త మాత్రం వెనక్కి తిరిగి అమ్మనే చూస్తోంది. దొంగని పట్టుకున్నట్టుంది ఆవిడ మొహం.

"మరైతే కొండమ్మా," అంది, "ఆ రోజు ఇక్కడే నిలబడి నేనే పెట్టానన్నావుగా? పాస్టరమ్మ గారి చేత ప్రార్థన కూడా చేయించుకున్నావు. దేవుడి సన్నిధిలో అబద్ధమాడావా?"

ఇది నేను అనుకోలేదు. అమ్మ మీద నింద తీసేద్దామని లేచి, అంతకంటే పెద్దది తెచ్చి నెత్తిన పెట్టాను. "అత్తా, ఆగు," అనబోయాను. అప్పటికే అమ్మ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"ఆడాను," అంది. "లేచేముందు దేవుడితో చెప్పుకునే ఆడాను. ప్రభువా, ఇప్పుడో అబద్ధం ఆడబోతన్నా, ఏమనుకోమాక, అన్నాను."

"ఎందుకమ్మా?" అన్నారు పాస్టరమ్మ గారు.

అమ్మ నా వైపు చూడలేదు. పాస్టరమ్మ గారికే చెప్పింది.

"వాల్వు వేసినకాడ్నించీ ఆయన గుండెలో టిక్కుటిక్కుమని చప్పుడొస్తదండి. రాత్రిళ్ళు ఇల్లు సద్దుమణిగాక బాగా ఇనపడద్ది. అది ఇనుకుంటా పడుకునేదాన్ని. మా అమ్మాయి తీసుకెళ్ళినకాడ్నించీ ఇంట్లో ఆ చప్పుడు లేదు. కన్ను మూస్తే ఆగిపోయిందేమోనని లేచి కూర్చునేదాన్ని. ఒప్పుకుంటే పంపిద్దేమోనని ఒప్పుకున్నా. పంపలా."

అమ్మ కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. కమలమ్మత్త తల దించుకుంది. పాస్టరమ్మ గారు పాటల పుస్తకం తెరిచారు కానీ ఏ పాటా ఎత్తలేదు. అమ్మ పక్కన చాప మీద చోటుంది. వెళ్ళి అక్కడ కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. అందరూ కూర్చున్న ఆ చర్చిలో నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.